మాగ్నెట్ అంటుకోని బండి

ట్రక్కు అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడే లారీ. అమెరికాలో పికప్ ట్రక్కు లెక్క వేరు. ఇక్కడివాళ్ళకది సగం బండి, సగం హోదా. టెక్సాస్‌లో అయితే ముప్పాతిక హోదా. కానీ డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, ఏ గుడి పార్కింగులోనో ఓ ఆదివారం నించుని లెక్కపెట్టండి.. అన్నీ క్యామ్రీలు, ఒడిస్సీలు, ఈమధ్య టెస్లాలు. పికప్ కనిపించిందంటే అది ఏదో రిపేరు పనికి వచ్చినవాడిదే అయ్యుంటుంది. మనవాడెవడైనా కొంటే మొదటి ప్రశ్న "ఇల్లు మారుతున్నావా?" రెండోది "మైలేజీ ఎంతిస్తుంది?"

మా పాత రూమ్మేటు కొన్నాడు. అదీ మామూలుది కాదు, 2018 ఫోర్డ్ ఎఫ్-350, డీజిలు, వెనకాల నాలుగు చక్రాలు, ఎక్సెల్ మోడల్. ఎక్సెల్ అంటే మన బుర్రలోకి స్ప్రెడ్‌షీటు వస్తుంది గానీ, ఫోర్డు వాడి భాషలో ఏ సోకులూ లేని పనిబండి అని అర్థం. సోకుల్లేవు కాబట్టి మావాడు కొన్న బండిలో శాటిలైట్ రేడియో కూడా లేదు. ఈ కథంతా ఆ రేడియో గురించి, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే దాని యాంటెనా గురించి.

మావాడు 17 ఏళ్ళు టెస్టింగులో పనిచేశాడు. 2023 మొదట్లో కంపెనీలన్నీ వరసపెట్టి జనాన్ని ఇంటికి పంపాయి కదా, అందులో వాడూ ఉన్నాడు. గ్రీన్‌కార్డు చేతిలో ఉంది కాబట్టి అరవై రోజుల గండం లేదు. ఆరునెలలు ఇంటర్వ్యూలకి తిరిగాడు. నాలుగో రౌండు, ఐదో రౌండు, తర్వాత నిశ్శబ్దం. చివరికి ఈ ట్రక్కూ, వెనక తగిలించే ట్రెయిలరూ కొని హాట్‌షాట్ లోడ్లు మొదలుపెట్టాడు. పెద్ద లారీ నిండేంత సరుకు కాదు, అలాగని కొరియర్లో పంపేదీ కాదు, అర్జెంటుగా చేరాలి.. పైపులు, మోటార్లు, ట్రాక్టరు సామాన్లు.. అవి మోసుకెళ్ళడం. బండీ ట్రెయిలరూ కలిపి 26,000 పౌండ్లు దాటకుండా చూసుకుంటే సీడీఎల్ లైసెన్సు అక్కర్లేదు. వాళ్ళావిడ ఎవరైనా అడిగితే "లాజిస్టిక్స్‌లో ఉన్నారు" అంటుంది. అందులో అబద్ధమేం లేదు. ఊళ్ళో వాళ్ళ నాన్నగారికి మాత్రం అది కూడా చెప్పలేదు. ఆయన లెక్కలో కొడుకింకా సాఫ్ట్‌వేరే.

వాడి రూటు ఎక్కువగా డాలస్ నుంచి అమరిల్లో. ఫోర్ట్‌వర్త్ దాటాక యూఎస్-287 పట్టుకుంటే డికేటర్, విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా మూడువందల అరవై మైళ్ళు. మధ్యలో పత్తిచేలు, గాలిమరలు, ఆకాశం. ఎఫ్ఎం స్టేషన్లు ఊరు దాటగానే గరగర. సెల్ సిగ్నల్ ఉన్నచోట ఉంటుంది, లేనిచోట లేదు. ఆ హైవే వదిలి పొలాల్లోకి లోడు దింపడానికి వెళ్ళాడంటే అసలే ఉండదు.

"పాటలు డౌన్‌లోడ్ చేసుకుని పెట్టుకోరాదూ?" అన్నాను. మనమంతా ఇచ్చే సలహాయే. వాడి ఫోన్లో ఘంటసాల నుంచి అనిరుధ్ దాకా నాలుగువేల పాటలున్నాయి.

"పాటలు నాకు తెలిసినవేరా. తర్వాత ఏ పాటొస్తుందో కూడా తెలుసు. రాత్రి రెండింటికి ఆ రోడ్డు మీద పోతుంటే, ఎవడో ఒకడు ఇప్పుడు, ఈ నిమిషంలో మెలకువగా ఉండి మాట్లాడుతున్నాడని తెలియాలి. అంతే."

సిరియస్ఎక్స్ఎంలో లారీవాళ్ళ కోసం రోడ్ డాగ్ ట్రకింగ్ అని ఓ ఛానెల్ ఉంది. డ్రైవర్లు ఫోన్ చేసి మాట్లాడుతుంటారు. లోడు రేట్లు, ఇన్‌స్పెక్షన్లు, నడుంనొప్పి, పెళ్ళాం అలక.. అన్నీ. మావాడు ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చాడు, చుట్టూ అడగడానికి మనవాళ్ళెవరూ లేరు. కాబట్టి వాడికి అది కాలక్షేపం కాదు, ట్రైనింగు.

సరే, ఇక విషయంలోకి. ఓ కార్ స్టీరియో షాపువాడి దగ్గరికెళ్ళి డాష్‌బోర్డు మీద పెట్టే చిన్న శాటిలైట్ రేడియో డబ్బా, దానికో యాంటెనా పెట్టించుకున్నాడు. షాపులో బ్రహ్మాండంగా మోగింది. మొదటి ట్రిప్పులో డికేటర్ దాటాక పోయింది. పోయిందంటే, రెండు మాటలు వినిపించి నాలుగు మాటలు మింగేస్తోంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం గంటలు గంటలు చక్కగా పాడింది. షాపుకెళ్తే వాడు ఆన్ చేసి చూపించాడు, శుభ్రంగా పనిచేస్తోంది. అయినా "డబ్బాలోనే లోపం ఉండొచ్చు" అని కొత్త డబ్బా అంటగట్టి, బిగించినందుకు మళ్ళీ డబ్బులు గుంజాడు. మళ్ళీ అదే కథ. వెళ్ళేటప్పుడు మూగనోము, వచ్చేటప్పుడు గానకచేరి.

"మా మెషీన్లో పనిచేస్తోంది" అన్న మాట మన డెవలపర్ల సొంత ఆస్తి అనుకునేవాణ్ణి. షాపువాళ్ళకీ ఉందన్నమాట.

మావాడు టెస్టరు కదా, నా దగ్గరికొచ్చేటప్పటికే ఓ పట్టిక తయారుచేశాడు. ఏ మైలురాయి దగ్గర ఆగింది, ఎంతసేపు ఆగింది, మబ్బు ఉందా, స్పీడెంత. మబ్బుకి సంబంధం లేదు, స్పీడుకి లేదు, టైముకి లేదు. దిక్కుకి మాత్రం ఉంది. వాయవ్యంగా పోతే రాదు, ఆగ్నేయంగా పోతే వస్తుంది.

ఆ దిక్కుల మాట వినగానే నాకు వరల్డ్‌స్పేస్ గుర్తొచ్చింది. 2000ల మధ్యలో హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, రెహమాన్ ప్రకటనల్లో కనిపించేవాడు. స్పందన అని తెలుగు ఛానెలుండేది, కర్ణాటక సంగీతానికి శ్రుతి ఉండేది. ఆసియాస్టార్ అనే ఉపగ్రహం 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర భూమధ్యరేఖ పైన ఉండేది, అంటే హైదరాబాదు నుంచి చూస్తే ఆగ్నేయం వైపు, ఆకాశంలో సగానికి కాస్త పైన. యాంటెనా పలకని సరిగ్గా అటు తిప్పి, కిటికీలోంచి ఆకాశం కనపడేలా పెట్టాలి. వాస్తు ప్రకారం కట్టిన ఇంట్లో ఆగ్నేయం మూల వంటిల్లు. నా ఫ్లాట్లో కూడా అంతే. అందుకని మా వరల్డ్‌స్పేస్ రేడియో పోపులడబ్బా పక్కన కాపరం చేసేది. ఫ్రిజ్ మీదికి జరిపితే మూగబోయేది. 2008లో ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది, 2009 డిసెంబరు 31తో ఇండియాలో సర్వీసు ఆపేశారు. ఆ డబ్బా తర్వాత ఏమైందో గానీ, శాటిలైట్ రేడియో అంటే ముందు ఆకాశంలో అదెక్కడుందో చూడాలి అనే పాఠం మాత్రం మిగిలింది. (విశేషం ఏంటంటే, ఇక్కడి ఎక్స్ఎం పుట్టినప్పుడు అందులో వరల్డ్‌స్పేస్‌కీ వాటా ఉండేది. కాబట్టి ఇవి దాయాదులే.)

ఇక్కడి చరిత్ర రెండు ముక్కల్లో. 1997లో ఎఫ్‌సీసీ 2320 నుంచి 2345 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ముక్కని రెండు కంపెనీలకి వేలం వేసింది. ఎక్స్ఎం 2001 సెప్టెంబరులో మొదలైంది. సిరియస్ 2002లో. రెండూ కొట్టుకుని కొట్టుకుని 2008లో ఒకటయ్యాయి. ఎక్స్ఎం తొలి ఉపగ్రహాలు రెండిటికీ రాక్, రోల్ అని పేర్లు పెట్టారు. అవి రిటైరయ్యాయి గానీ ఆ వైపు ఉపగ్రహాల స్థానాలు మాత్రం అవే, 85, 115 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల దగ్గర. డాలస్‌లో నించుని చూస్తే ఒకటి దక్షిణానికి కాస్త ఎడమగా, ఒకటి కాస్త కుడిగా. రెండూ దాదాపు యాభై డిగ్రీల ఎత్తులో.

ఇప్పుడు బండిలో కూర్చోండి. షాపువాడు యాంటెనాని అద్దం కింద, డాష్‌బోర్డు మీద అతికించాడు. దానికి కనిపించే ఆకాశం ముందు అద్దంలోంచే. అమరిల్లో వైపు పోతుంటే ఒక ఉపగ్రహం వీపు వెనక, ఇంకోటి ఎడమ డోరు పైన. మధ్యలో బండి పైకప్పు. తిరిగొచ్చేటప్పుడు దక్షిణాకాశం ఎదురుగా అద్దంలోకి వస్తుంది, పాట వస్తుంది. ఇంతే సంగతి.

మరి షాపులో ఎందుకు పనిచేసింది? పెద్ద ఊళ్ళలో మేడలు అడ్డొస్తాయని ఈ కంపెనీవాళ్ళు నేలమీద కూడా రిపీటర్లు పెట్టారు. డాలస్‌లో ఉన్నంతసేపూ మావాడి రేడియో వింటున్నది ఉపగ్రహాన్ని కాదు, ఏ మేడ మీదో ఉన్న రిపీటర్ని. ఆ డబ్బా మెనూలో యాంటెనా సిగ్నల్ అని ఓ తెర ఉంటుంది, శాటిలైటుకి ఒక గీత, నేలకి ఒక గీత. మా ఇంటి ముందు బండాపి చూస్తే నేల గీత నిండుగా ఉంది, శాటిలైటు గీత రెండు చుక్కలు. షాపువాడు ఆ తెర ఒక్కసారి తెరిచి ఉంటే రెండో డబ్బా అమ్మాల్సిన పని ఉండేది కాదు. టెస్టు ఎన్విరాన్‌మెంటూ ప్రొడక్షనూ ఒకటి కాకపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

యాంటెనా పైకప్పు మీద ఉండాలి, అది తేలింది. "పైన పెట్టడం కుదరదట, మాగ్నెట్ అంటుకోదన్నాడు" అన్నాడు మావాడు. నిజమే! ఈ యాంటెనాలు క్యారమ్స్ స్ట్రైకరంత ఉంటాయి, కింద అయస్కాంతం. పాత బండ్లయితే పైకప్పు మీద అలా వదిలేస్తే చాలు, టక్కున పట్టేస్తుంది. కానీ ఫోర్డువాడు ఎఫ్-150 బాడీని 2015 మోడల్ నుంచి, పెద్ద సూపర్‌డ్యూటీ బండ్లని 2017 మోడల్ నుంచి అల్యూమినియంతో చేస్తున్నాడు. అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదు. మావాడి బండి మీద పెడితే ఐస్ మీద సబ్బుబిళ్ళలా జారిపోయింది. షాపువాడు అక్కడ ఆగిపోయి, డాష్‌బోర్డు మీద అతికించి చేతులు దులుపుకున్నాడు.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేసుకుంటారు. కింద ఇనుము ఉంటేనే సిగ్నల్ వస్తుందనుకుంటారు. యాంటెనాకి కావాల్సింది ఇనుము కాదు, లోహం. కరెంటు పారే ఏ పలకైనా సరే. 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 13 సెంటీమీటర్లు. ఆ బిళ్ళ లోపల ఉండేది ఓ చిన్న ప్యాచ్. కింద పరుచుకున్న లోహం దానికి అద్దంలా పనిచేసి, బలాన్నంతా పైకి, ఆకాశం వైపు మళ్ళిస్తుంది. అందుకే చుట్టూ కనీసం మూడంగుళాలు ఖాళీ లోహం ఉండాలనీ, వేరే యాంటెనాలకీ లగేజీ కమ్మీలకీ దూరంగా పెట్టాలనీ చెప్తారు. ఆ పనికి అల్యూమినియం ఇనుముకన్నా ఒకపాలు మంచిదే. అయస్కాంతం కేవలం పట్టుకోవడానికి. అంటే మనకున్న సమస్య రేడియోది కాదు, జిగురుది.

నేను ఈసీఈ చదివాను. జేఎన్టీయూలో యాంటెన్నాస్ అండ్ వేవ్ ప్రాపగేషన్ అని ఓ సబ్జెక్టు. ఒక్కో ప్రశ్నకి 16 మార్కులు, రేడియేషన్ ప్యాటర్న్ బొమ్మ గుండ్రంగా వేస్తే మార్కులు బాగా పడేవి. ఆ సంవత్సరమంతా ఒక్క యాంటెనాని కూడా చేత్తో ముట్టుకున్న గుర్తు లేదు. అదే చదువు చదివినవాళ్ళం ఇక్కడ లక్షల్లో ఉంటాం, ఇంట్లో ఫ్యాను మార్చాలంటే మనిషిని పిలుస్తాం. పిలవడం తప్పని కాదు. ఆ వచ్చినవాడు చేసే పనిలో ఆలోచన ఉండదని అనుకోవడం మీదే నాకు పేచీ. విజయవాడ ఆటోనగర్లో ఆటో ఎలక్ట్రీషియన్లని చూడండి, వైరింగ్ డయాగ్రం లేకుండా టెస్టుల్యాంపు ఒకటి పట్టుకుని లోపం ఎక్కడుందో పది నిమిషాల్లో తేల్చేస్తారు. మన భాషలో దాన్ని రూట్ కాజ్ అనాలసిస్ అని పేరు పెట్టి మీటింగు పెడతాం.

జిగురు దగ్గరికొద్దాం. నేరుగా యాంటెనానే అతికిస్తే, రేపు అది పాడైతే పీకలేం. అందుకని ముందు ఓ పల్చటి ఇనప పలకని పైకప్పుకి అతికించి, దానిమీద అయస్కాంతాన్ని కూర్చోబెట్టాలి. ఏ పలక? స్టెయిన్‌లెస్ వద్దు, అందులో చాలా రకాలకి అయస్కాంతం పట్టదు. హార్డ్‌వేర్ షాపులో కరెంటు జంక్షన్ బాక్సులకి వేసే నాలుగంగుళాల ఇనప మూత దొరికింది, జింకు పూత పూసినది, రెండుమూడు డాలర్లు. నల్లరంగు కొట్టాం. ఇనుమూ అల్యూమినియమూ తడిలో నేరుగా తగిలితే తుప్పు తంటా ఉంటుంది కానీ మధ్యలో రంగూ, నురుగు టేపూ ఉన్నాయి కాబట్టి ఫరవాలేదు. టేపంటే మామూలుది కాదు, 3ఎం వాళ్ళ వీహెచ్‌బీ. అతికించే ముందు ఆల్కహాలుతో తుడవాలి, గట్టిగా నొక్కి పట్టాలి, పూర్తి పట్టు రావడానికి 72 గంటలు. వాడికి లోడు మంగళవారం. అందుకని శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం.

పైకప్పు ముందువైపు అంచున వరసగా ఐదు పచ్చలైట్లుంటాయి ఆ బండికి. వాటికి దగ్గరగా పెట్టడం ఇష్టంలేక వెనకవైపు మధ్యలో, అద్దం పైన ఉండే మూడో బ్రేకులైటుకి ఓ అడుగు ముందు చోటు ఎంచుకున్నాం. దానికి ఇంకో కారణం కూడా ఉంది. పైకప్పుకి చిల్లి పెట్టకుండా తీగ లోపలికి పోవాలంటే పికప్పుల్లో రాజమార్గం ఆ బ్రేకులైటే. దాని స్క్రూలు తీస్తే లోపల రంధ్రం సిద్ధంగా ఉంటుంది, చుట్టూ నురుగు గ్యాస్కెట్. సన్నతీగ దానికింద నలగకుండా ఇమిడిపోతుంది.

ఆ తీగని మాత్రం కొయ్యకూడదు. ఇరవైయొక్క అడుగులుంటుంది, మనకేమో పది చాలనిపిస్తుంది, కోసి మళ్ళీ కలుపుదామనిపిస్తుంది. ఇంత ఫ్రీక్వెన్సీలో అంత సన్న కోయాక్స్ పొడవునా సిగ్నల్ చాలాభాగం ఆవిరైపోతుంది. అందుకే యాంటెనా బిళ్ళలోనే ఓ చిన్న ఆంప్లిఫయర్ పెట్టారు. దానికి కరెంటు ఇదే తీగలోంచి రేడియో పంపిస్తుంది. తీగలోకి దిగకముందే బలం పెంచేస్తే తర్వాత నష్టపోయినా పెద్దగా బాధలేదు. అతుకు సరిగ్గా కుదరకపోతే సిగ్నలూ పోతుంది, ఆ కరెంటూ పోతుంది.

పెద్ద పని లోపలే. బ్రేకులైటు రంధ్రం నుంచి హెడ్‌లైనరు వెనకగా మూలకి, అక్కడి స్తంభం వెంట కిందికి, వెనక సీటు పక్కనుంచి డోరు గడప ప్లాస్టిక్ కింద ముందుకి, డాష్‌బోర్డులోకి. కొలిస్తే పంతొమ్మిది అడుగులొచ్చింది. కోయకుండా బతికిపోయాం. పైకప్పు అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటాయి, అక్కడ ఆటలు కూడదు. ముందే రెండు బ్యాటరీల నెగటివూ తీసేసి (డీజిలు బండికి బ్యాటరీలు రెండు) కాసేపు ఆగాం. తీగ ఎయిర్‌బ్యాగు ముందునుంచి కాకుండా వెనకనుంచి పోయేలా చూసుకున్నాం. ముందునుంచి పోతే, అది విచ్చుకునే రోజున తీగ కొరడా అవుతుంది. ఈ పని షాపుల్లో హడావిడిగా చేస్తారు కాబట్టి, షాపులో చేయించినా ఇదొక్కటి మాత్రం అడిగి చూడండి.

మేమిద్దరం పైన ఉన్నాం. నేను ట్రక్కు తొట్టెలో నించుని బ్రేకులైటు పట్టుకున్నాను, వాడు నిచ్చెన మీద. వాళ్ళావిడ ఇంట్లోంచి ఫోను పట్టుకొచ్చి "అన్నయ్యా, మావయ్యగారు వీడియో కాల్‌లో ఉన్నారు, ఈయన ఫోనెత్తట్లేదని నాకు చేశారు" అని, నేను వద్దనేలోపే ఫోను మావైపు తిప్పేసింది. ఆయన తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. కరెంటాఫీసులో లైన్‌మేనుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫయ్యేళ్ళు స్తంభాలెక్కి, కొడుకు ఎక్కకూడదని చదివించిన మనిషి.

"ఏం చేస్తున్నార్రా ఇద్దరూ లారీ ఎక్కి?"

మావాడికి నోట మాట రాలేదు. "రేడియో యాంటెనా పెడుతున్నాం బాబాయ్ గారూ" అన్నాను నేనే.

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఫోను దగ్గరికి జరిగారు. "తీగ ఎటునుంచి లోపలికి పోతుంది? అది చూపించమ్మా." ఆ అమ్మాయి ఫోను పైకెత్తింది. "అట్లా తిన్నగా దించితే ఎట్లా బాబూ? వానొస్తే తీగ పట్టుకుని నీళ్ళు నేరుగా లోపలికి దిగిపోవూ? లోపలికి పోయే ముందు ఓ వంపు ఇవ్వండి, కిందికి. నీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి. సర్వీసు వైరుకి ఇవ్వమూ? అట్లాగన్నమాట."

మేం తీగని పైనుంచి తిన్నగా గ్యాస్కెట్ కిందికి దూర్చబోతున్నాం. చూసిన యూట్యూబ్ వీడియోల్లోనూ అలాగే ఉంది. ఆయన చెప్పినట్టు బ్రేకులైటు అంచు దాటించి, కిందికి ఓ చిన్న వంపు తిప్పి, కింది అంచు నుంచి పైకి లోపలికి పంపాం. తర్వాత ఆ ఇనప మూత చూసి గుర్తుపట్టేశారు. "అది జంక్షన్ బాక్సు మూత కదూ" అని నవ్వారు.

తర్వాత అడగాల్సింది అడిగారు. "ఇంతకీ ఈ బండెవరిది?"

"నాదే నాన్నా."

"ఇంత బండి నీకెందుకు?"

వాడు నిచ్చెన దిగి, ఫోను చేతిలోకి తీసుకుని ట్రెయిలరు అవతలికెళ్ళాడు. ఇరవై నిమిషాలో, అరగంటో. నేను బ్రేకులైటు స్క్రూలు బిగించుకుంటూ కూర్చున్నాను. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. తిరిగొచ్చాక "గాల్లో బిళ్ళ ఎగిరిపోకుండా పలక అంచుకి చుట్టూ సిలికాన్ పట్టించమన్నాడు నాన్న" అన్నాడు, ముక్కు తుడుచుకుంటూ. పట్టించాం.

మధ్యాహ్నం బ్యాటరీలు తగిలించి ఆ సిగ్నల్ తెర తెరిచాం. శాటిలైటు గీత ఇంచుమించు నిండుగా ఉంది. బండిని చుట్టూ తిప్పి నాలుగు దిక్కులా నిలబెట్టి చూశాడు మావాడు. ప్రతి దిక్కుకీ ఓ ఫోటో, ఓ ఎంట్రీ. రోగం కుదిరినా అలవాటు పోదు.

మంగళవారం తెల్లవారుజామున బయల్దేరాడు. విచిటా ఫాల్స్ దాటాక ఫోన్ చేశాడు. ఒక్క మాట మింగలేదట. ఫ్లయ్‌ఓవర్ల కింద కూడా ఆగలేదు. దానికి యాంటెనా ఒక్కటే కారణం కాదు. ఒకే ప్రోగ్రాంని రెండు ఉపగ్రహాల నుంచి నాలుగు సెకన్ల తేడాతో పంపిస్తారు, ఒక దాంట్లో తప్పిపోయిన ముక్కని రేడియో ఇంకోదాంట్లోంచి తెచ్చి పూరిస్తుంది. వంతెన కింద బండి ఉండేది ఒకట్రెండు సెకన్లే కదా. పైకప్పు మీదనుంచి రెండూ కనబడుతుంటేనే ఆ కిటుకు పూర్తిగా పనిచేస్తుంది. డాష్‌బోర్డు మీద పెట్టి, అమరిల్లో దారిలో ఆ రెండిటికీ ఎసరు పెట్టాడు షాపువాడు. మావాడు ఆ షాపుకి వెళ్ళి దెబ్బలాడదామన్నాడు గానీ, ఆ టైములో ఇంకో లోడు వేసుకోమన్నాను.

ఖర్చు చూస్తే మూత, టేపు, సిలికాన్, ప్లాస్టిక్ క్లిప్పులు తీసే చెక్కపేడు లాంటి పనిముట్టు కలిపి ముప్ఫై డాలర్లలోపు. ఒక శనివారం పూట. వాళ్ళావిడ పెట్టిన గుత్తివంకాయ కూర అదనం.

చిల్డ్రెస్ దగ్గర డీజిలు కొట్టించుకోవడానికి ఆగినప్పుడు మాత్రం రేడియో ఆగిపోయిందట. బంకు పైన అంత పెద్ద రేకుల కప్పు. "అది నార్మలేరా, బయటికొస్తే వస్తుంది" అన్నాను.

"తెలుసులే, వచ్చేసింది. టికెట్ క్లోజ్ చేస్తున్నా" అన్నాడు.